లైను కోసం వయసు పెంచుకున్నాను

వయసు తగ్గించుకుని భంగపడినవాళ్ళ కథలు మీరు చాలా వినే ఉంటారు. పెళ్ళిచూపుల్లో తగ్గించినవాళ్ళు, కొలువు కోసం తగ్గించినవాళ్ళు, తలకి రంగేసుకుని వెళ్ళి వానలో తడిసి నల్లచారల జీబ్రాలైనవాళ్ళు. వయసు పెంచుకుని భంగపడినవాణ్ణి చూడాలంటే మాత్రం మా అమలాపురం రావాలి. నల్లవంతెన దగ్గర దిగి పార్సిల్ సూరిబాబు ఇల్లెక్కడని అడగండి. ఎవరైనా చెబుతారు. చెప్పేముందు ఓసారి నవ్వుతారు. ఒక్క రొయ్యయినా నోట్లో పెట్టుకోకుండానే రొయ్యల దొంగనై, కుదరబోయే పెళ్ళిని నా చేతులతో నేనే ముంచుకోబోయిన వైనం తలుచుకుని నవ్వుతారన్నమాట. మీరూ నవ్వండి. జాలిపడే ప్రయత్నం మాత్రం చెయ్యకండి, కుదరదు.

తొంభైల నాటి మాట. అమలాపురంలో మాదో ప్రైవేటు పార్సిల్ ఆఫీసు. హైదరాబాదు నుంచీ మద్రాసు నుంచీ లారీల్లో దిగిన పార్సిళ్ళని సైకిళ్ళ మీద ఊరూరా తీసుకెళ్ళి ఇచ్చి రావడం మా పని. ఒక్కో వైపు పోయే దారిని ఒక్కో లైను అనేవాళ్ళం. లైన్లన్నిటిలోకీ రాజైనది రాజోలు లైను. దారిలో పంటు మీద గోదావరి దాటేటప్పుడు చల్లగాలి. దాటాక మస్కట్టో దుబాయో వెళ్ళినవాళ్ళ ఇళ్ళు. పార్సిల్ పట్టుకెళితే చాలు, "మావోడు పంపించేడేంటండీ? ఆయ్, కూర్చోండి కూర్చోండి" అని కుర్చీ వేసి, టీతోపాటు బిస్కెట్లు పెట్టేవారు. అది మద్రాసు నుంచి వచ్చిన మిక్సీ గిన్నె అని చెప్పినా బిస్కెట్లు వెనక్కి తీసుకునేవారు కారు. ఆ మర్యాద మా కోనసీమ నీళ్ళలోనే ఉంది.

ఇక అన్నిటికన్నా అధమం ఉప్పలగుప్తం లైను. సముద్రం వైపు ఉప్పుగాలి, ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద, అన్ని కాలాల్లోనూ కుక్కలు.

ఎవరికి ఏ లైను ఇవ్వాలన్నది మేనేజరు ఇష్టప్రకారం సాగేది. మేనేజరుకి కొబ్బరిబొండాలు తెచ్చినవాడికి రాజోలు, ఎదురు చెప్పినవాడికి ఉప్పలగుప్తం. మేము సంఘం పెట్టుకుని, కొన్నాళ్ళు పార్సిళ్ళు ముట్టుకోకుండా గోడౌను ముందు కూర్చుని, చివరికి ఒక హక్కు సంపాదించాం. ఏడాదికోసారి సీనియారిటీ ప్రకారం ఎవరి లైను వాళ్ళే కోరుకోవచ్చు. ఆ పంపకంలో మేనేజరు వేలు పెట్టకూడదు, సంఘమే చేసుకోవాలి. మా కార్యదర్శి భాస్కరం గారు ఈ హక్కు గురించి మాట్లాడుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆయనకే.

అంతటి హక్కుని మొట్టమొదట వాడుకునే అదృష్టం మా అందరిలోకీ సీనియరైన సత్యం గారిది. నున్నటి బట్టతల, చిన్న బొజ్జ, ముగ్గురు పిల్లలు. నెమ్మదైన మనిషి. భాస్కరం గారు గొంతు సవరించుకుని, "సత్యం గారూ, ఏ లైను కావాలో కోరుకోండి" అన్నారు. వరమిచ్చే దేవుడిలా ఉన్నారు చూడ్డానికి.

"ఉప్పలగుప్తం అండి" అన్నారు సత్యం గారు.

భాస్కరం గారికి తన చెవులు సరిగ్గా విన్నాయో లేదో అనుమానం వచ్చింది. "రాజోలు అన్నారాండీ?"

"కాదండి, ఉప్పలగుప్తమేనండి, ఆయ్."

ఆ ఏడే కాదు, మరుసటి ఏడూ అదే కోరుకున్నారు. ఇక్కడే నా బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. అది పనిచెయ్యకుండా ఉంటే ఈ కథే లేదు. కోరుకున్నది దొరికే మనిషి ఏరికోరి బురద కోరుకున్నాడంటే ఆ బురదలో ఏదో ఉండి తీరాలి కదా! ఉప్పలగుప్తం వైపు బురదలో ఆ రోజుల్లో ఏముండేదో మా జిల్లాలో చంటిపిల్లల్ని అడిగినా చెబుతారు. రొయ్యలు! వరిచేలన్నీ చెరువులయ్యాయి. నిన్నటిదాకా అరువు సైకిలు తొక్కినవాడు ఇవాళ కారులోంచి మోచెయ్యి బయటపెట్టి వెళ్ళేవాడు. ఆ చెరువులకి మందు డబ్బాలూ మోటారు సామాన్లూ చేర్చేది ఎవరు? సత్యం గారు. రోజూ సాయంత్రం ఆయన సైకిలు హ్యాండిలుకి ఏం వేలాడుతుంటుంది? ఉబ్బుగా, కాస్త తడిగా, మూతి బిగించి కట్టిన గుడ్డసంచి!

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "సత్యం గారూ, ఆ సంచిలో ఏంటండీ?"

"ఏముంటాయండీ, బట్టలండి."

బట్టలట! నేను లోపల్లోపల నవ్వుకున్నాను. బట్టల సంచి మూతి అంత బిగించి ఎవరైనా కడతారా? ఆ రాత్రి భోజనంలో నా ముందు ఉత్త బీరకాయ కూర ఉంది. సత్యం గారి కంచంలో జపాన్ వాళ్ళకి వెళ్ళాల్సిన రొయ్యలు నా కళ్ళముందు వేపుడవుతూ కనిపించాయి. దూరపు కొండలు నునుపంటారు. దూరపు చెరువుల్లో రొయ్యలు వండే ఉంటాయని నాకు అనిపించింది.

ఇక ఆ లైను సంపాదించడమెలా? సత్యం గారూ నేనూ ఆఫీసు తెరిచి కొబ్బరికాయ కొట్టిన రోజునే పనిలో చేరాం. చేరిన తేదీ ఒకటే. అలాంటప్పుడు వయసులో పెద్దవాడే సీనియరని సంఘం నిబంధన. ఆయన బట్టతల చూసి ఆయనే పెద్దని అందరం ఒప్పేసుకున్నాం. నేనూ ఒప్పేసుకున్నాను. అయితే ఓరోజు మాటల్లో ఆయనే, "నాకు ముప్పై నిండేయండి, అప్పుడే మోకాళ్ళ నొప్పులండి" అన్నారు.

నేను సైకిలు మీంచి పడబోయాను. ముప్పయ్యా! నాకు ముప్పై ఒకటి!

కాయితాల ప్రకారం కాదు, నిజం వయసు ప్రకారం. మా కాలంలో కుడిచెయ్యి తలమీంచి చాచితే ఎడమ చెవి అందినవాణ్ణి బళ్ళో వేసుకునేవారు. అలా చేరినప్పుడు మా మాస్టారు ఉదారంగా నా వయసు మూడేళ్ళు తగ్గించి రాశారు. రాతలో నేను ఇరవై ఎనిమిది. ఇప్పుడు ఆ పోయిన మూడేళ్ళనీ వెనక్కి తెచ్చుకోవాలి.

సంఘం మీటింగులో లేచి నిలబడి చెప్పాను. భాస్కరం గారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "అంటే నువ్వు సత్యం గారికన్నా పెద్దోడివా? ఎవరైనా వింటే నవ్వుతారు సూరిబాబూ. సాక్ష్యమేది?"

"మా పిన్ని ఉందండి. నేను పుట్టినప్పుడు పక్కనే ఉంది."

మా నాగరత్నం పిన్నికి ఈ సంగతి చెప్పగానే తల పట్టుకుంది. కారణముంది. సరిగ్గా అప్పుడే ఆవిడ నాకో సంబంధం చూస్తోంది. భీమనపల్లి చిట్టబ్బాయి గారి రెండో అమ్మాయి వరలక్ష్మి. పెళ్ళిచూపులు అయిపోయాయి. పట్టుచొక్కా వేసుకుని వెళ్ళాను, తల దించుకుని పూతరేకు తిన్నాను. మాటలు సాగుతున్నాయి.

"ఒరేయ్, వాళ్ళకి నీకు ఇరవై అయిదని చెప్పేను గదరా!"

"అది పెళ్ళికి పిన్నీ. ఇది ఉద్యోగానికి."

"ఉద్యోగానికి ఇరవై ఎనిమిదన్నావు గదరా?"

"అది కాయితానికి."

"మరి ముప్పై ఒకటి దేనికిరా?"

"లైనుకి."

పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. "ఇంత పొడుగూ నువ్వొక్కడివేనా, లోపల ఇంకెవరైనా ఉన్నారా?" అంది. రోజూ రొయ్యలు తెస్తానని మాటిచ్చాక మెత్తబడింది. పిన్నికి రొయ్యలంటే నాకన్నా ప్రాణం.

ఆదివారం గోడౌనులో విచారణ. పార్సిల్ పెట్టె మీద దుప్పటి పరిచి పిన్నిని కూర్చోబెట్టారు. నేను పుట్టిన ఏడు చెబితే సరిపోయేది. కానీ జనం వినడానికి సిద్ధంగా కనిపిస్తే మా పిన్ని ఒక్క ముక్కతో ఆగే మనిషి కాదు.

"మా మావగారి గేదె ఈనిన వారానికి పుట్టేడండి ఈడు. పుట్టినప్పుడు గేదెదూడ కన్నా నల్లగా ఉండేవాడు. తరవాతి ఏడు తుఫానొచ్చిందా, అప్పటికి బోర్లా పడుతున్నాడు. తుఫాను ధాటికి ఇంటి కప్పెగిరిపోయినా లేవలేదండి, నిద్ర అలాంటిది. పదేళ్ళొచ్చినా పక్క తడిపేవాడండి, ఏం దాచుకోవాలి?"

"పిన్నీ, ఏడు చెప్పు చాలు!"

"చెప్పనియ్యరా, వాళ్ళడుగుతున్నారు."

ఎవరూ అడగలేదు. కానీ ఇప్పుడు అడగడం మొదలుపెట్టారు. వెనకనుంచి ఎవరో, "బళ్ళో ఎలా చదివేవాడండీ?" అన్నారు. అదో అరగంట. మొత్తానికి తుఫాను ఏడుతో సత్యం గారి పుట్టిన ఏడుని పోల్చి చూసి భాస్కరం గారు తీర్పు చెప్పారు. సూరిబాబు సత్యం గారికన్నా పెద్దవాడు. అందరిలోకీ సీనియర్.

సత్యం గారి ముఖం చిన్నబోయింది. అయినా మనిషి మర్యాద చూడండి, లేచి వచ్చి నాకు దణ్ణం పెట్టారు. "ఇన్నాళ్ళూ తెలీక పేరెట్టి పిలిచేసేనండి. ఏమనుకోకండి అన్నగారూ" అన్నారు. బట్టతల వంచి ఆయన నన్ను అన్నగారూ అంటుంటే గోడౌనంతా పార్సిళ్ళ మీద పడి దొర్లింది.

నేను మాత్రం గెలిచిన కోడిలా ఉన్నాను. కోరుకోమనగానే "ఉప్పలగుప్తం!" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? నా తెలివికి అక్కడితో కడుపు నిండలేదు. సత్యం గారు మళ్ళీ ఏదో అడ్డంపెట్టి లైను లాక్కుంటారేమోనని ఇంకో తీర్మానం ప్రతిపాదించాను. "ఒకసారి కోరుకున్న లైను ఏడాది తిరిగేదాకా ఎవరు ఏడ్చినా మార్చకూడదు!" ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. ఎవరు ఏడవబోతున్నారో వాళ్ళకి అప్పటికే తెలుసేమో.

సత్యం గారు టౌను లైను తీసుకుని, మర్నాడు పొద్దున్న నాకు ఆ గుడ్డసంచి ఇచ్చారు. "ఇది లైనుతోపాటే ఉండాలండి అన్నగారూ."

ఆత్రంగా మూతి విప్పాను. ఓ పాత లుంగీ, ఓ తువ్వాలు, కుక్కల్ని అదిలించడానికి ఓ బెత్తం.

"బట్టలేనా?" అన్నాను, సంచి తిరగేసి దులిపి.

"చెప్పేను కదండి. అక్కడ ఏదో ఒక పూట బురదలో పడకుండా రాలేమండి. తడిబట్టలు విప్పి ఇందులో పడేసుకోవాలండి."

"మరి... రొయ్యలు?"

"రొయ్యలేంటండీ?"

"మరెందుకండీ ఆ లైను కోరుకునేవారు?"

ఆయన నిట్టూర్చారు. "మిగతా అన్ని లైన్లలోనూ మా చుట్టాలే అండి. మా ఆవిడోళ్ళది పెద్ద కుటుంబం. ఏ ఊళ్ళో సైకిలాపినా భోంచేస్తే గానీ వదలరండి. తిన్నాక, 'ఈ పనసకాయ మా చెల్లెలింట్లో ఇచ్చెయ్యండి, ఈ ఆవకాయ జాడీ మా వదినకిచ్చెయ్యండి' అంటారండి. ఆఫీసు పార్సిళ్ళ కన్నా అవే ఎక్కువైపోతాయండి. ఉప్పలగుప్తంలోనే నాకెవరూ లేరండి. హాయిగా బురదలో పడి వచ్చేసేవోణ్ణండి."

నాకు అప్పుడే బుద్ధి రావాలి. రాలేదు. నమ్మించడానికి చెబుతున్నారనుకుని సైకిలెక్కాను.

ఆ రోజు నా ప్రయాణం గురించి క్లుప్తంగా చెబుతాను, గుర్తు చేసుకుంటే ఇప్పటికీ ఒళ్ళు దురదపెడుతుంది. మొదటి ఊళ్ళో కుక్కలు బెత్తాన్ని కూడా పట్టుకుపోయాయి. రెండో ఊరి దగ్గర సైకిలు జారి నేను పక్కనున్న బోదె కాలవలో పడ్డాను. లేచేసరికి ఖాకీ బట్టలు నామీద ఉన్నాయా, బురదే ఖాకీ రంగులో ఉందా అన్నది చెప్పలేని స్థితి. బట్టలు ఉతికి సైకిలు మీద ఆరేసి, లుంగీ కట్టుకుని, తువ్వాలు తలకి చుట్టుకుని ఓ చెరువు గట్టున కూర్చున్నాను. చుట్టూ ఎవరూ లేరు.

నా కాళ్ళ దగ్గరే ఓ తాడు నీళ్ళలోకి వేలాడుతోంది. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసుకోవడానికి పళ్ళెంలాంటిదాన్ని తాడుకి కట్టి అలా దింపుతారు. చూద్దామని లాగాను, అంతే. ఒట్టు. పళ్ళెం పైకొచ్చింది. అందులో మీసాలూ కాళ్ళూ ఆడిస్తూ రొయ్యలు. ఎంతకాలానికి దర్శనమిచ్చార్రా నాయనా అని ఒకదాన్ని వేళ్ళతో పట్టుకుని ఎత్తి చూస్తున్నాను.

"దొంగ! దొంగ దొరికేడండోయ్!"

వెనకనుంచి ఓ కాపలాదారు వచ్చి నా మెడ పట్టుకున్నాడు. మనిషి కొబ్బరిచెట్టంత ఉన్నాడు.

"నేను దొంగని కాదండి! పార్సిల్ ఆఫీసండి! అందరిలోకీ సీనియర్నండి!"

"దొంగల్లో సీనియర్వా? పద, మా అయ్యగారికి చెబుదువు గాని!"

గట్టు చివర పాకలో మడతమంచం మీద కూర్చుని ఉన్న అయ్యగారిని చూడగానే కాపలాదారు వెనక దాక్కోబోయాను. భీమనపల్లి చిట్టబ్బాయి గారు! నాకు పిల్లనివ్వబోయే మనిషి! ఆయన వరి వేస్తారని పిన్ని చెప్పింది గానీ, ఆ ఏడే చెరువు కౌలుకి తీసుకున్నారని నాకెలా తెలుస్తుంది? తలకున్న తువ్వాలు మూతి మీదకి లాక్కున్నాను. పట్టుచొక్కాలో చూసిన మనిషిని లుంగీలో పోల్చుకోలేకపోయారు పాపం.

"అసలే రొయ్యకి తెల్లమచ్చ జబ్బొచ్చి నేనేడుస్తుంటే, నువ్వొకడివా? ఎవరు నువ్వు?"

నా పేరు చెబితే పెళ్ళి పోతుంది. చెప్పకపోతే ప్రాణం పోతుంది. ఆ క్షణంలో నాకు తోచిన ఉపాయం ఏమిటో చెబితే మీరు పుస్తకం మూసేస్తారు.

"పార్సిల్ సత్యాన్నండి."

చిట్టబ్బాయి గారు కాపలాదారు వైపు చూశారు. "రెండేళ్ళబట్టీ ఈ వైపుకి వస్తున్న సత్యం గారిని నేను ఎరగనట్రా! ఆ నున్నటి తలకాయెక్కడ, తువ్వాలు కిందనుంచి వేలాడే ఈ జుట్టెక్కడ? ఒరేయ్, ఊళ్ళోకెళ్ళి పార్సిలాఫీసుకి ఫోను చెయ్యి. సత్యం గారినే రమ్మను."

వాళ్ళు వచ్చేదాకా నన్ను మోటారుకి కాపలా కూర్చోబెట్టారు. కాపలాదారు నాకు కాపలా. సాయంత్రానికి భాస్కరం గారూ, సత్యం గారూ సైకిళ్ళ మీద వచ్చారు. సత్యం గారి సైకిలుకి వెనక రెండు పనసకాయలూ, ముందు ఒక ఆవకాయ జాడీ. టౌనులో అప్పుడే చుట్టాలందరికీ దొరికిపోయారన్నమాట.

"సత్యం గారూ, ఈడెవడో మీ పేరు చెప్పుకు తిరుగుతున్నాడు. మీకు తెలుసా?" అన్నారు చిట్టబ్బాయి గారు.

నేను తువ్వాలు సందులోంచి కళ్ళతోనే బతిమాలాను. సత్యం గారికి నా కష్టం అర్థమైంది. నన్ను ఎలాగైనా గట్టెక్కించాలన్న ఆత్రంలో, నిజాయితీగల ఆ మహానుభావుడు ఉన్న గౌరవమంతా నామీద కుమ్మరించేశారు.

"అయ్యో! మా అన్నగారండి! మా సూరిబాబు గారండి! దొంగేంటండీ బాబూ, మా ఆఫీసుకే పెద్దాయనండి. నాకన్నా వయసులో పెద్దండి, ఆయ్!"

చిట్టబ్బాయి గారు లేచి నిలబడ్డారు. నా తువ్వాలు ఆయనే మెల్లగా కిందికి లాగారు. నన్ను చూశారు. సత్యం గారి బట్టతల చూశారు. మళ్ళీ నన్ను చూశారు.

"మీకన్నా పెద్దా?"

"ఆయ్! ముప్పై ఒకటండి. సంఘంలో రుజువైపోయిందండి" అన్నారు భాస్కరం గారు గర్వంగా. "వాళ్ళ పిన్నిగారే స్వయంగా వచ్చి చెప్పేరండి. పదేళ్ళొచ్చినా పక్క..."

"భాస్కరం గారూ!" అని నేను అరిచిన అరుపుకి చెరువులో మిగిలిన రొయ్యలు కూడా ఉలిక్కిపడి ఉంటాయి.

"ఇరవై అయిదని చెప్పేరండి మాకు" అన్నారు చిట్టబ్బాయి గారు నెమ్మదిగా. ఆయన కోప్పడినా బాగుండేది. ఆ 'అండి' విని గోదాట్లో దూకాలనిపించింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి, ఇల్లు కట్టుకోకముందే ఓడిపోయాను.

ఆ రాత్రి పిన్ని నన్ను ఏమందో రాస్తే అచ్చువేసేవాళ్ళు ఒప్పుకోరు. మర్నాడు భాస్కరం గారి దగ్గరికెళ్ళి లైను మార్చమని ఏడ్చాను. "ఎవరు ఏడ్చినా మార్చకూడదని నువ్వే కదయ్యా తీర్మానం చేయించేవు" అన్నారాయన. నిజంగా ఏడ్చానండి. అయినా మార్చలేదు. ఏడాది పొడుగునా బురదలో పడ్డాను, లేచాను, మళ్ళీ పడ్డాను.

పెళ్ళి మాత్రం తప్పిపోలేదు. చిట్టబ్బాయి గారు ఇంటికెళ్ళి జరిగిందంతా చెబితే, వరలక్ష్మి పొట్ట పట్టుకుని నవ్విందట. రెండ్రోజులు నవ్వి, మూడో రోజు, "వయసు సంగతి అబద్ధమాడినా మనిషి మోసగాడు కాదు నాన్నా. మోసగాళ్ళకి ఇంకాస్త తెలివుంటుంది" అందట. నా జీవితంలో నాకు దొరికిన యోగ్యతాపత్రం అదొక్కటే.

పెళ్ళయ్యాక అత్తారింట్లో మొదటి విందు. నాటుకోడి కూర ఘుమఘుమలాడుతోంది. నా పక్కన మా తోడల్లుడు బుజ్జిబాబు, వరలక్ష్మి అక్క మొగుడు. మూతి మీద మీసం కూడా సరిగ్గా రాని పిల్లాడు. మా అత్తగారు గిన్నె తెచ్చి ముందు అతని విస్తట్లో కోడికాలు వేశారు, తర్వాత రెండో కాలూ వేశారు, తర్వాత కందనకాయ వేశారు. నా విస్తరి దగ్గరికొచ్చేసరికి మెడ ముక్కా, బంగాళాదుంపా మిగిలాయి.

సంఘం మనిషిని కదా, ఉండబట్టలేకపోయాను. "అత్తయ్యగారూ, బుజ్జిబాబు నాకన్నా చాలా చిన్నోడండి. వయసు ప్రకారమైతే ముందు నాకు..."

మా మావగారు నెమ్మదిగా మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు.

"వయసు చూసేది ఒకే రోజున చేరినవాళ్ళకండి అల్లుడు గారూ. ఆయన మా ఇంట్లో మీకన్నా ముందు చేరేరండి."

అందుచేత, అర్ధచంద్రాకారంలో ఉన్న ఆ మెడ ముక్కని సాక్షిగా పెట్టుకుని నేనొక భీషణ ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఇక నేను ఎవరికన్నా పెద్దవాణ్ణనిగానీ, చిన్నవాణ్ణనిగానీ, సమానుణ్ణనిగానీ ఏ సభలోనూ నోరెత్తను. ఎవరైనా నా వయసు అడిగితే, "మా ఆవిడ ఎంతంటే అంతండి, ఆయ్" అని ఊరుకుంటాను.